కాదన్నవాళ్ళు లేవకూడదు

శనివారం పొద్దున తొమ్మిదింటికి వ్యాన్ వచ్చి పెద్దావిడను తీసుకుపోవాలి. ఆ ఏర్పాటంతా నాదే. మూడు వారాలు కాళ్ళరిగేలా తిరిగి, ఫారాలు నింపి, చూపు పోయిన ముసలివాళ్ళ కోసం నడిపే ఒక ఆశ్రమంలో ఆవిడకు మంచం సంపాదించాను. ఆ మంచం కోసం అప్పటికే పదిమంది వరసలో ఉన్నారట. అయినా ఇచ్చారు. నేను వెంటపడితే ఎవరైనా ఎన్నాళ్ళని తట్టుకుంటారు?

నేను టైలర్‌ని. చర్చిలో అందరూ నన్ను కత్తెరక్క అంటారు. బట్టలు కత్తిరిస్తానని వచ్చిన పేరు కాదది, మాటలు కత్తిరిస్తానని వచ్చింది. మాది మాటలు ఎక్కువైన చర్చి మరి. మా పాస్టరమ్మ గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఏ దేవుడికి మొక్కుతావని అడగనివ్వదు. అసలు మొక్కుతావా అని కూడా అడగనివ్వదు. ఆకలిగా ఉందా, తలదాచుకోవడానికి చోటుందా అని మాత్రమే అడగాలి. నేను ఆ చర్చికి వెళ్ళేది అందుకే. ప్రసంగం మొదలైతే నాకు నిద్రొస్తుంది. శనివారం భోజనాలకు వంద మందికి వండమంటే మాత్రం నిద్ర రాదు.

మా సేవా బృందం ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి వెనక హాల్లో సమావేశమవుతుంది. బల్ల ఉండదు, కుర్చీలు గుండ్రంగా వేసుకుంటాం. సభ్యులైనా కాకపోయినా ఆ కుర్చీల్లో కూర్చున్న ప్రతివాళ్ళకీ మాటుంటుంది. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. అయితే కాదన్నవాళ్ళు లేచి వెళ్ళిపోకూడదు, ఇంకో దారి దొరికేదాకా అందరితో పాటు కూర్చోవాలి. ఈ చివరి నియమం నేను పట్టుబట్టి పెట్టించింది. ఓ మాట అడ్డం వేసి, ఇంటికెళ్ళి హాయిగా కునుకు తీసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అది పెట్టాక కాదనేవాళ్ళు సగానికి సగం తగ్గారు.

ఇక పెద్దావిడ సంగతి. ఆవిడా, ఆవిడ కోడలూ అద్దెకున్న పాత మేడలో మెట్లు కూలిపోతే మొత్తం మేడంతా ఖాళీ చేయించారు. కొడుకు పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. కోడలు రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. ఇద్దరూ రెండు సంచులతో వచ్చి నిలబడితే, పిల్లల ఆదివారం బడి గదిలో వాళ్ళకు మంచాలు వేశాం. గోడల నిండా జంతువుల బొమ్మలు, మూలన మోకాలెత్తు కుర్చీలు. రెండు వారాలనుకున్నది రెండు నెలలైంది.

ఆ రెండు నెలలూ ఆ గదిలోంచి వచ్చిన కేకలకు మా చర్చి పైకప్పు ఎలా నిలిచిందో తెలియదు. దానంగా వచ్చిన బట్టలు బాగుచేయడానికి నా కుట్టుమిషను పక్కగదిలోనే ఉంటుంది కాబట్టి ఒక్క ముక్క పోకుండా విన్నాను.

"అత్తా, ఆ గడప మీ తాత కట్టించింది కాదు, కాలెత్తి దాటు!"

"నా కాలు, నా ఇష్టం!"

"ఎడంపక్క నీళ్ళ బకెట్టుంది. తన్నావంటే తుడిచేది నువ్వే!"

"నువ్వు మాత్రం తుడుస్తావా? నీకు చేతులివ్వడం మర్చిపోయి నోరొక్కటే ఇచ్చాడు దేవుడు!"

"గిన్నె కాలుతోంది, అంచు పట్టుకోకు! కాల్చుకున్నాక నా ప్రాణం తీస్తావు!"

అత్తా ఒకింటి కోడలే అంటారు. ఈవిడ ఏ ఇంట్లోనూ కోడలిగా బతికినట్టు నాకు కనపడలేదు. ఆ కోడలు మాత్రం ఏం తక్కువ తిన్నదని! బృందంలో ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. "పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. వీళ్ళకి కావలసింది ఒక ఇల్లు కాదు, రెండిళ్ళు" అన్నాను. అందరూ తలలూపారు. రిటైరైన హెడ్మాస్టారు మా మినిట్స్ పుస్తకంలో, "అత్తాకోడళ్ళ నడుమ తీవ్ర వైరం. వేరు చేయుట ఉభయులకూ శ్రేయస్కరం" అని రాశారు. అంత చక్కటి దస్తూరిలో రాస్తే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది.

కోడలికి ఫ్యాక్టరీ దగ్గర ఆడవాళ్ళ హాస్టల్లో గది కూడా చూశాను. నేను సగం పని చేసే మనిషిని కాదు. సంతకాలకు నేనే వెళ్ళి, "నీకేం అభ్యంతరం లేదుగా?" అని అడిగాను. ఆ పిల్ల కాగితం వంక చాలాసేపు చూసింది. "మీరింత తిరిగి చేశారు కదండీ" అంటూ సంతకం పెట్టింది. పెద్దావిడ అప్పుడు నిద్రపోతోంది. ఆవిడను లేపి అడగాలని నాకు తట్టలేదు. మాలో ఎవరికీ తట్టలేదు.

గురువారం వచ్చింది. పాస్టరమ్మ, హెడ్మాస్టారు, ఆసుపత్రి నర్సమ్మ, ఇంకో ఆరుగురు, నేను. చివరిసారిగా అందరం ఊఁ అనుకుంటే పనైపోతుంది. "ఎవరికైనా అభ్యంతరమా?" అని పాస్టరమ్మ అడుగుతుండగా తలుపు కిర్రుమంది.

గుమ్మంలో పెద్దావిడ. ఒక్కతే. వరండా గోడ పట్టుకుని వచ్చినట్టుంది, అరచేతికి సున్నం అంటుకుని ఉంది.

"మీటింగు ఇక్కడేనా?" అంది.

గోడ వదిలి మూడడుగులు వేసి ఆగిపోయింది. నేను పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది.

"పట్టుకోకు. చెప్పు."

"ఏం చెప్పాలండీ?"

"ఖాళీ కుర్చీ ఎక్కడుందో చెప్పు."

"ఇదిగో, ఇటు రండి."

"ఇటంటే ఎటు తల్లీ?"

 మాటల్లో నన్ను మించినవాళ్ళు లేరని పేరు, ఒక్క కుర్చీకి దారి చెప్పడం రాలేదు. అందరూ లేచి నిలబడ్డారు. "జాగ్రత్తండీ" అని ఒకరు, "మెల్లిగా, మెల్లిగా" అని ఒకరు, "అయ్యో" అని హెడ్మాస్టారు.

"జాగ్రత్తంటే కాలు ఎత్తమనా, దించమనా?" అంది పెద్దావిడ విసుగ్గా. ఇంకో అడుగు వేసి టీ కప్పులు పెట్టిన స్టూలుకు మోకాలు కొట్టుకుంది. రెండు కప్పులు కిందపడి పగిలాయి. ఆవిడ ఉన్నచోటే బిగుసుకుపోయింది. అంతసేపూ గట్టిగా మాట్లాడిన మనిషి గోడ కోసం గాల్లో చెయ్యి చాచింది.

"కదలకు!"

ఆ కేక గుమ్మంలోంచి వచ్చింది. కోడలు, ఫ్యాక్టరీ ఏప్రన్ కూడా విప్పకుండా, మోచేతుల దాకా పిండితో, రొప్పుతూ నిలబడి ఉంది. షిఫ్టు నుంచి వచ్చి గదిలో అత్త కనపడక వెతుక్కుంటూ వచ్చినట్టుంది.

"నీ కాళ్ళ ముందు గాజు పెంకులున్నాయి, ఏ మహానుభావులు పగలగొట్టారో మరి! కుడికి తిరుగు. అంత తిరగమని ఎవరు చెప్పారు, కొంచెం ఎడమకి. ఆఁ. ఇప్పుడు నాలుగడుగులు. మూడో అడుగులో చాప అంచుంది, తట్టుకుని పడ్డావంటే నేను లేపను. కుర్చీకి పక్కన చేతుల్లేవు, చూసుకుని కూర్చో."

"చూసుకోవడానికి కళ్ళన్నీ నువ్వే పెట్టుకుంటివి కదే!" అంటూనే ఆవిడ తిరిగింది, నాలుగడుగులు వేసింది, మూడో అడుగులో కాలెత్తింది, దర్జాగా కూర్చుంది.

 గడప, బకెట్టు, వేడి గిన్నె. రెండు నెలలు పక్కగదిలో కూర్చుని నేను చెవులారా విన్న కోడలి తిట్లలో దారి చెప్పని తిట్టు ఒక్కటి కూడా లేదు. నేను మాత్రం అరుపులు విన్నాను, మాటలు వినలేదు. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

"కూర్చున్నాను. ఇప్పుడు నాకూ మాటున్నట్టే కదా?" అంది పెద్దావిడ. "శనివారం నేను పోను. కాదంటున్నాను. ఒక్కరు కాదంటే ఆగిపోతుందట. పక్కగది కత్తెరమ్మ ఫోన్లో ఎవరికో గొప్పగా చెబుతుంటే విన్నాను. గోడ మీవైపు నుంచే పల్చన అనుకున్నారా?"

 ఆవిడ కోడలి గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"నిన్న సాయంత్రం నా బట్టలు సంచిలో సర్దుతూ ఒక్క తిట్టూ తిట్టలేదు నువ్వు. అప్పుడే నాకు భయమేసింది. గట్టిగా అడిగితే గానీ ఆశ్రమం సంగతి చెప్పలేదు. సంతకం ఎందుకు పెట్టావే?"

"పెట్టక ఏం చెయ్యను?" అంది కోడలు. "రెండు నెలలు నీడనిచ్చారు, అన్నం పెట్టారు. ఇంత కష్టపడి కాగితం తెచ్చి ముందు పెడితే, అన్నం పెట్టిన చేతికి వద్దని ఏ మొహంతో చెప్పను? అక్కడ డాక్టరుంటాడు, నర్సులుంటారు. నా దగ్గరేముంది? పొద్దున నేను పోతే తిరిగొచ్చేదాకా గోడ పట్టుకుని కూర్చుంటావు." ఆ పిల్ల ఏప్రన్ అంచు నలిపింది. "నువ్వైనా సుఖంగా ఉంటావనుకున్నాను."

"అక్కడందరూ మెత్తగా మాట్లాడతారటే! మెత్తగా మాట్లాడేవాళ్ళ మధ్య నేను పది రోజుల్లో కాలు విరగ్గొట్టుకుంటాను. ఇప్పుడు చూశావుగా!" అంది పెద్దావిడ. తర్వాత గొంతు తగ్గించింది. "వాడు పోయినప్పుడు నువ్వు నన్నొదిలేసి పోయుండవచ్చు. నీ వయసెంతని! పోలేదు. నాలుగేళ్ళు నన్ను తిడుతూ నడిపించావు. నేను పోయేదాకా తిట్టు. అంతకు మించి నాకేం వద్దు."

కోడలు పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. నర్సమ్మ చీపురు తెచ్చి పెంకులు ఊడ్చే నెపంతో తల వంచుకుంది. హెడ్మాస్టారు పుస్తకం తెరిచి, పాత వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, "ఇప్పుడేమని రాయమంటారు?" అని అడిగారు.

"మనం వాళ్ళను అడగలేదని రాయండి" అన్నాను. "తప్పు కత్తెరక్కదని కూడా రాయండి." ఆ మాట నాకు అలవాటు లేదు. అయినా అన్నాను.

ఆశ్రమం మంచం వరసలో తర్వాత ఉన్నవాళ్ళకి ఇచ్చేయమని నర్సమ్మ అక్కడికక్కడే ఫోన్ చేసి చెప్పింది. ఇక మా నియమం ప్రకారం కాదన్నావిడ లేవకూడదు. నేను భయపడుతూనే ఆ సంగతి చెప్పాను.

"లేచి నేనెక్కడికి పోవాలి? చీకటి పడితే లైట్లు కావలసింది మీకు" అంది పెద్దావిడ. "టీ ఏమైనా మిగిలిందా?"

కోడలు కూడా ఒక కుర్చీ లాక్కుని వలయంలో కూర్చుంది. ఈసారి మొదట వాళ్ళనే అడిగాం. కింది అంతస్తు కావాలి, మెట్లుండకూడదు. ఫ్యాక్టరీకి దగ్గరగా ఉండాలి, మధ్యలో ఒకసారి వచ్చి చూసుకోవడానికి. రెండు గదులు చాలు. "పక్కింటివాళ్ళకి చెవుడుంటే ఇంకా మంచిది" అని పెద్దావిడ కలిపింది. పాస్టరమ్మ చెప్పిన ఇల్లు రెండో అంతస్తు. నర్సమ్మ చెప్పింది ఊరికి ఆ చివర. గంటసేపు తర్జనభర్జన పడ్డాం. ఉన్నట్టుండి మా తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడి ఇంటి కింద వాటా ఏడాదిగా ఖాళీగా ఉంది. ఫ్యాక్టరీకి రెండు వీధులవతల. ఖాళీ ఎందుకంటే వాడికి నిశ్శబ్దం కావాలి. చంటిపిల్ల ఉందని ఒకరిని, సంగీతం నేర్పుతాడని ఇంకొకరిని, గట్టిగా తుమ్ముతాడని మరొకరిని తిప్పి పంపాడు. అలాంటివాడిని నేను అడగబోతున్నాను. అయితే వాడికి నేనంటే భయం. వాడేమో దాన్ని గౌరవం అంటాడు.

అందరూ వినేలా స్పీకరు పెట్టి ఫోన్ చేశాను.

"ఒరేయ్, నీ కింద వాటాకి మనుషులు దొరికారు. ఇద్దరాడవాళ్ళు. అత్తాకోడళ్ళు."

 "పోట్లాడుకుంటారా అక్కా?"

హాలంతా నా వంక చూసింది. ఒక్క అబద్ధంతో పనైపోయేది. కానీ వీళ్ళ గురించి తెలియకుండా చెప్పిన మాటలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

"పోట్లాడుకుంటారు. కళ్ళు తెరిచింది మొదలు పడుకునేదాకా."

"నా సంగతి తెలిసి కూడా..."

"తెలిసే అడుగుతున్నాను, ముందు విను. పెద్దావిడకు చూపు లేదు. కోడలు అరిస్తేనే ఆవిడ అడుగు వేస్తుంది. అక్కడ గడప ఉంది, ఇక్కడ గిన్నె ఉంది అని అరుస్తుంది. నేనే రెండు నెలలు విని కూడా తెలుసుకోలేకపోయాను. నాకంటే నువ్వు తెలివైనవాడివని మనమ్మ అనేది కదా, ఇప్పుడు రుజువు చెయ్యి."

 హెడ్మాస్టారు కలం గాల్లోనే ఉంది. కోడలు అత్త చేతిని తన ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. 

"గేటు దగ్గర ఒక మెట్టుందక్కా" అన్నాడు మా తమ్ముడు చివరికి. "లోపలికొస్తుంటే ఎడమపక్క. కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఆ సంగతి ఆ అమ్మాయికి ముందే చెప్పు."

"ఎంతెత్తో అడగండి" అని కోడలు గుసగుసలాడింది. అడిగాను. జానెడు అన్నాడు. పెద్దావిడ జానెడు పైకి కాలెత్తి చూసుకుంది.

"అంతా బాగానే ఉంది గానీ" అన్నాడు వాడు, ఇంకా గొణుగుతూనే, "మరీ గోల ఎక్కువైతే నేను ఎవరికి చెప్పుకోవాలి?"

"గోలైతే ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాను. "ఏ రోజైనా వాళ్ళ గొంతు వినపడకపోతే, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. ఆ క్షణమే వస్తాను."