చేపల పెట్టెలో తాటి టెంక

నేను ఒక థర్మాకోల్ పెట్టెను. నా భయమేమిటో ముందే చెప్పేస్తాను, దాచుకోవడం నావల్ల కాదు. నాలో పెట్టింది చల్లబడిపోతుందేమోనని నాకు భయం. అంతకన్నా పెద్ద భయం నాకు లేదు. చేపల్ని చల్లగా ఉంచడానికి పుట్టినదానికి ఇదేం భయమని మీరు నవ్వుతారు. నవ్వండి. నవ్వినవాళ్ళని చాలామందినే చూశాను.

తెల్లటి పూసల్ని ఆవిరికి ఉబ్బించి అచ్చులో అదిమితే తయారయ్యాను. మీరు గ్లాసుడు టీ తాగేలోపు పుట్టేశాను. పోవడం మాత్రం అంత తేలిక కాదట. నన్ను మట్టి తినదు, చెద ముట్టదు. అందుకని చదువుకున్నవాళ్ళు నన్ను చూసి మొహం చిట్లిస్తారు. పుట్టించమని నేనేమైనా అర్జీ పెట్టుకున్నానా?

మొదట్లో నా బతుకంతా సముద్రపు రేవుకీ కొండకీ మధ్యే. పొట్టనిండా ఐసు, ఐసు మధ్య వంజరాలు, కానాగంతలు. జీపు టాపు మీద ఎక్కి, నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి కొండమీది సంతకి చేరేదాన్ని. ఒక సంతనాడు దింపేవాడు చెయ్యి జార్చాడు. అడుగున ఒక మూల ఊడి, బొటనవేలు దూరేంత కన్నం పడింది. తర్వాతి ప్రయాణంలో ఆ కన్నంలోంచి చేపల నీళ్ళు జీపులో కూర్చున్న పెళ్ళివాళ్ళ పట్టుబట్టల మీద కారాయి. చేపలావిడ నన్ను రోడ్డు పక్కకి ఒక్క తన్ను తన్నింది. జీపు డ్రైవరు లోవరాజు నామీద జాలిపడ్డాడని అనను గానీ, ఊరికే దొరికిన వస్తువుని వదలడం అతనికి అలవాటు లేదు. ఇంటికి తెచ్చి పడేశాడు.

ఆ ఇల్లు లంబసింగి దాటాక రోడ్డు వారన. ముందు టీ కొట్టు, వెనక ఒకటే గది, మట్టి నేల. కొట్టు నడిపేది లోవరాజు తల్లి అప్పయ్యమ్మ, భార్య నూకరత్నం. చలికాలం వస్తే ఆ రోడ్డు మీద కార్లే కార్లు. చలి చూడ్డానికి పనిగట్టుకుని వస్తారు జనం. వచ్చి, ఇదేం చలిరా బాబూ అని తిట్టుకుంటారు. మంచులో ఫొటో దిగి, వేడివేడిగా ఇంత టీ తాగి, వెళ్ళిపోతారు.

ఆ ఇంట్లోవాళ్ళకి చలితో ఆటలు లేవు. రత్నం కాన్పుకి సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటికి వెళ్ళాల్సింది. పాప ఆగలేదు. నెలలు నిండకుండానే కొండమీదే పుట్టేసింది, పిడికెడు పిల్ల. కాస్త ఒళ్ళు చేశాక పేరు పెడదామన్నారు. అందాకా అందరికీ అది గుంటే, అంటే పిల్లే. నర్సమ్మ వచ్చి చూసి, "రొమ్ముకి ఆనించుకో, నీ ఒంటి వేడే దానికి మందు" అని చెప్పింది. రత్నం అలాగే చేసింది. పాపని గుండెకి కట్టుకునే గ్లాసులు కడిగింది. అయినా మనసు ఆగదు. మాటిమాటికీ పాప అరికాళ్ళు ముట్టుకుని చూసేది, వెచ్చగా ఉన్నాయా లేదా అని. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని తట్టి లేపేది. పాప కెవ్వుమంటే హమ్మయ్య అనుకునేది. బిడ్డ ఏడుపు వింటే సంతోషపడే తల్లిని నేను అక్కడే చూశాను.

పాపని చూడ్డానికి రత్నం తండ్రి కొండెక్కి వచ్చాడు. తాడిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. కూతురికి తేగలంటే ప్రాణమని ఒక సంచిలో తాటి టెంకలు తెచ్చాడు, ఇసకలో పాతుకుంటే మొలిచి తేగలవుతాయి కదా అని. అప్పయ్యమ్మ నడుం పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మో! ఇయ్యంకుడా, ఇది జీలుగుచెట్ల కొండ. ఇక్కడ నీ తాడి మొలుస్తాదేటి? మడుసులకే పళ్ళు టకటకలాడతన్నాయి."

నవ్వాక అసలు మాట ఎత్తింది. "గుంటని నువ్వు కిందకి అట్టుకుపో. నీ పెద్దకూతురు సంటిపిల్ల తల్లే గదా, పాలున్నాయి. సలి పోయేక తెచ్చుకుంటాం. కొట్టుకి ఈ రెండు నెల్లే యాపారం, రత్నాన్ని ఒగ్గలేను."

రత్నం తండ్రి నోరు విప్పేలోపే రత్నం అంది: "నా పిల్ల నా కాడే ఉంటాది అత్తా."

"సలికి పేనం నిలవదే ఇక్కడ. నాకు తెల్దేటి? ఒకదాన్ని పోగొట్టుకున్నదాన్ని."

"నిలుస్తాది."

"అలాగేటి? అయితే ముందు ఆ తాటి టెంకని నిలబెట్టు, సూద్దాం. ముక్కోటి నాటికి మొలిసిందా, గుంట నీ కాడే. నేదా, మీ అక్క కాడికి."

"ఒట్టా?"

"ఒట్టే పోయే."

అప్పయ్యమ్మ మాటవరసకి అంది. రత్నం మాటవరసకి వినలేదు. తండ్రి వెళ్ళిపోతూ ఒక్కటే చెప్పాడు, మధ్యలో తవ్వి చూడకమ్మా, తేగ పుటుక్కున విరుగుద్ది అని.

అలా నాకు రెండో బతుకు మొదలైంది. రత్నం నన్ను బూడిదతో తోమింది. నీచువాసన పోలేదు, పోకపోతే పోనీ అంది. అడుగున ఇసక, కొబ్బరిపొట్టు తడిపి పరిచింది. టెంకలు పేర్చి, పైన మళ్ళీ పొట్టు కప్పింది. ఒక వార టూరిస్టులు ఉమ్మేసిన ఖర్జూరం గింజలు, సపోటా గింజలు కూడా గుచ్చింది, ఎందుకైనా మంచిదని. టూరిస్టులు పారేసిన నీళ్ళ సీసాల్లో టీ పొయ్యి మీది వేడినీళ్ళు పోసి, పాతగుడ్డ చుట్టి, టెంకల పక్కన పడుకోబెట్టింది. మూత, మూత మీద గోనె. పొయ్యి గోడ వెనక మూల నా చోటు.

వేడిని పట్టుకోవడం నాకు కొత్త విద్యేమీ కాదు. లోపలిదాన్ని బయటికి పోనివ్వకపోవడం, అంతే నాకు తెలుసు. అది ఐసైతేనేం, వేడైతేనేం. బాధల్లా రత్నంతోనే. సీసాల్లో నీళ్ళు మార్చడానికి మూత తియ్యాలి, అది సరే. గ్లాసు కడిగినప్పుడల్లా తియ్యాలా? చెయ్యి పెట్టి పొట్టు నొక్కి, వెచ్చగానే ఉందిలే అని తనకి తనే చెప్పుకునేది. వెంటనే అదే చెయ్యి పాప అరికాలి మీదికి. తల్లీ, నువ్వు చూసినప్పుడల్లా నేను కూడబెట్టిందంతా పోతోందే అని అరవాలనిపించేది. నాకు నోరు లేదు. ఉన్నా వినేది కాదు.

సపోటా గింజలు కుళ్ళాయి. ఖర్జూరం గింజ ఒకటి తెల్లటి దారం లాంటి మొలక తీసింది. లోవరాజు గెంతులేశాడు, "అమ్మా, గెలిసేసింది!" అని. అప్పయ్యమ్మ వంగి చూసి, "ఇది తాడేటి? ఒట్టు తాడి మీద" అని టీ వడగట్టుకుంది.

ఆ తర్వాత ఒకనాడు నాకు అడుగున ఏదో తగిలింది. టెంక కన్ను తెరిచి, బలంగా, తెల్లగా, వేలిలాంటిదొకటి బయటికొచ్చింది. తాడి మొదట పైకి రాదు, కిందికి దిగుతుంది. నా అడుగుదాకా వచ్చి, దారి లేక పక్కకి తిరిగి, తడుముకుంటూ తడుముకుంటూ నా ఊడిన మూల దగ్గరికి చేరింది. ఏ కన్నం చూసి నన్ను తన్ని పారేశారో ఆ కన్నంలోంచే మట్టినేలలోకి దిగిపోయింది. పైన మాత్రం ఏమీ లేదు, ఎప్పటి పొట్టే. చెప్పడానికి నాకు నోరు లేదని ఇందాకే అన్నాను.

ముక్కోటి వచ్చింది. పాపని తీసుకెళ్ళడానికి రత్నం అక్క మొగుడు దుప్పటి పట్టుకుని దిగాడు. అప్పయ్యమ్మ నా మూత తీసింది.

"ఏదే? ఆకేదే?"

"తాడి ముందు కిందికెల్తాది అత్తా. పైకి తరవాత."

"కిందికేడకెల్తాది? పెట్టెకి అడుగుంది గదా!"

 రత్నం పాపని ఇంకా దగ్గరికి అదుముకుంది. అప్పయ్యమ్మ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. అయినా ఒట్టు ఒట్టే అనుకునే మనిషి. "పారబోసేసి వస్తాను" అని వంగి నన్ను ఎత్తబోయింది.

నేను లేవలేదు.

లోపల ఇసకున్నా ఒక మనిషి తేలిగ్గా ఎత్తగల పెట్టె, లేవలేదు. ఆవిడ రెండు చేతులా పట్టి గుంజింది. తేగ నన్ను నేలకి కుట్టేసి ఉంది. ఇంకొక్క గుంజుకి నేను మొత్తంగా లేస్తే అది విరిగిపోతుంది. ఎవరో ఒకరం విరగాలి. నన్ను ఐసుకి చేశారు, చేపలకి చేశారు, పారెయ్యడానికి చేశారు. ఎందుకు విరగాలో మాత్రం నేనే నిర్ణయించుకున్నాను. ఫటేలుమని మధ్యకి బద్దలయ్యాను.

పొట్టూ ఇసకా జారిపోయాయి. మూల ముక్క ఒక్కటి నేల మీద మిగిలింది. దానిలోంచి టెంక, టెంకలోంచి నిగనిగలాడే తెల్లటి తేగ, నేలలోకి.

అప్పయ్యమ్మ అక్కడే చతికిలబడింది. వేలితో ముట్టుకుంది. "ఓలమ్మ... నేలలోకి ఎలిపోనాదే" అంది. తర్వాత చెయ్యి చాచి, ఎన్నడూ లేనిది, పాప అరికాలు అరచేతిలోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

"బాబూ, టీ తాగి ఎల్లు," అంది అప్పయ్యమ్మ, రత్నం బావతో. "గుంట రాదు."

లోవరాజు తల గోక్కున్నాడు. "ఇంట్లోన తాడిచెట్టేటే అమ్మా? కప్పుకి కన్నం పెట్టాలేటి?"

"పెట్టు."

నేను విన్న ఆఖరి మాట అది. మూల ముక్కని టెంకకి కాపుగా అక్కడే ఉంచి, మిగతా నన్ను చీపురుతో ఊడ్చి కొట్టు వెనక లోయలోకి పోశారు. ఇక్కడ పేపరు ప్లేట్ల మధ్య ఉన్నాను. మంచు కురిసినా నాకేమీ కాదు. మట్టి నన్ను తినదన్నారుగా, తినకపోవడమే మంచిది. టెంక దగ్గర మిగిలిన నా మూల ముక్క దానికి కాపలా ఉండటానికి పనికొస్తుంది. కానీ ఇక్కణ్ణించి గది కనిపించదు. పాపకి ఏం పేరు పెట్టారో కూడా వినపడలేదు.

మీరు చలి చూడ్డానికి ఎలాగూ వస్తారు కదా. వచ్చినప్పుడు ఆ కొట్టు దగ్గర ఆగండి. ఆకు వచ్చిందా అని అడక్కండి, అది వచ్చినప్పుడే వస్తుంది. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ముందు మీ అరచేతులు వెచ్చబెట్టుకోండి. తర్వాత ఒక్కసారి, నా తరఫున, ఆ పిల్ల అరికాళ్ళు ముట్టుకుని చూడండి.