తర్వాత పెట్టిన పేరు

కొంగు నడుముకు బిగించి, ముతక గుడ్డతో ఆమె అద్దం పెట్టె తుడుస్తోంది. కరీంనగర్ కాలేజీలో, జంతుశాస్త్రం గది ఊడ్చి తుడవడం ఆమె పని. పెట్టెలో సూదికి గుచ్చిన దక్షిణ అమెరికా కీచురాయి, ఆకుల్లాంటి రెక్కలతో, వెంట్రుక కంటే సన్నని మీసాలతో, ఇప్పుడే ఏ పొదలోంచో వచ్చి వాలినట్టుంది.

పాఠాలు చెప్పే ఖయ్యూం సార్ దాని కింది పేరు చీటీని బ్లేడుతో గీకుతున్నాడు. ఈ పురుగుకు చీటీ మీది పేరుకంటే ముందే ఇంకెవరో వేరే పేరు పెట్టారని కొత్తగా తేలిందట. ఇకమీదట ఆ పాత పేరుతోనే పిలవాలట.

"బుచ్చవ్వా, జర జిగురియ్యి."

ఆమె గిన్నె అందించింది. "మరి గీ పేరు తప్పా సార్?"

"తప్పేం గాదు. ఎన్క పెట్టిన్రు, గంతే. ముందుగాల పెట్టిందే నిలుస్తది."

"గీ పేరుతోని ఇంకెవ్వలు పిలువరా?"

"ఎందుకు పిలుస్తరు?" అని ఆయన నవ్వాడు.

ఆమె అసలు పేరు బాలలక్ష్మి. నాగయ్య మొదటి భార్య బుచ్చవ్వ పురిట్లో బిడ్డతో సహా పోయాక, ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. పోయినామె పేరుతో పిలిస్తే ఆమె కోపం ఇంటిమీద పడదని అత్త గడపలోనే పేరు మార్చింది. వాడకట్టుకూ, అంగట్లో కూరలమ్మేవాళ్లకూ, కాలేజీకీ ఆమె బుచ్చవ్వే. సొంత పేరుతో పిలిచే తల్లి ఎప్పుడో పోయింది. మగడి నోట ఒక్కసారైనా ఆ పేరు వినాలని ఆమె లోలోపల కాచుకునే ఉంది. అతడేమో వానాకాలం నుంచి మంచం దిగడం లేదు.

మధ్యాహ్నం బత్తాయి కొనుక్కొని ఇంటికి పోయింది. తొన ఒలిచి నోట్లో పెడితే నాగయ్య చప్పరించాడు. ముఖం తేటగా ఉంది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"ఏమయ్యా, నా పేరు వెట్టి ఒక్కసారి పిలువరాదు?"

అతడు చాలాసేపు చూశాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఆమెను అంత ప్రేమగా చూడలేదు.

"బుచ్చవ్వా," అన్నాడు. "గిన్నేండ్లు ఏడికి పోయినవే? పిల్లను తెచ్చినవా?"

కాదనడానికే ఆమె నోరు తెరిచింది. అతని చేయి గాలిలో వెతుకుతోంది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఆ, తెచ్చిన. పండుకున్నది. సప్పుడు జెయ్యకు."

అతడు తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అతని వేళ్లు ఆమె చేతుల్లోనే సడలి చల్లబడ్డాయి. ఎండ వాకిలి దాటిపోయేదాకా ఆమె లేవలేదు, ఎవరినీ పిలవలేదు.

మంచం పట్టె మీద, సగం ఒలిచిన బత్తాయి తెల్లటి పొరతో మెల్లగా ఎండుతోంది.