మిరుగం చెప్పులు

సుల్తానాబాద్ నుంచి గోదావరి ఒడ్డు దాకా ఎక్కడ వెతికినా ఏసుదాసు పాదాల వంటి పాదాలు దొరకవు. కావాలంటే ఒట్టు వేస్తాను. తుమ్మముల్లు గుచ్చుకుంటే ముల్లే విరుగుతుంది. ఒకసారి పొలం గట్టు మీద నాగుబాము కాటేస్తే దాని కోరలే ఊడిపోయాయి. పాపం, ఆ పాము ఆ తర్వాత కప్పను మింగలేక చప్పరించుకుంటూ బతికిందట. నిప్పుల గుండం తొక్కేవాళ్లు నాలుగు అంగలు గబగబా వేసి గట్టెక్కుతారు. ఏసుదాసు మే నెల ఎండలో, తారురోడ్డు మీద, పొద్దంతా నడుస్తాడు.

ఆ రోజూ నడుస్తూనే ఉన్నాడు. వడ్ల కొనుగోలు కేంద్రం ముందు సగం రోడ్డు మీద విద్యాసాగర్‌రావు దొర వడ్లు ఆరబోసి ఉన్నాయి. వడ్లు తిరగేయడానికి పార అక్కర్లేదు. పాదాలు నేలకు ఆనించి ఈడుస్తూ పోతే వెనక చాళ్లు పడి అడుగు గింజ పైకి తేలుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. తేమ పదిహేడు శాతానికి దిగితేనే కాంటా పెడతారు. తేమ దిగేనాటికి లారీ రాదు. లారీ వచ్చేనాటికి మబ్బు పట్టి వడ్లు మళ్లీ తడుస్తాయి. క్వింటాలుకు ఇరవై మూడు వందల పైచిలుకు సర్కారు ధర. ధర దొరకు, ఎండ ఏసుదాసుకు.

వేపచెట్టు కింద బీడీ కాలుస్తున్న హమాలీ వెంకటి కేకేశాడు.

"ఏసన్నా, జర నీడకు రారాదే! నీయి కాళ్లా, ట్రాక్టర్ గీర్లా?"

"నీడల కూసుంటె వడ్లు ఆర్తయారా?"

"ఆరకుంటె నీదేం పోతది? దొరయి గదా!"

ఏసుదాసు ఇంకో చాలు ఈడ్చాడు. వెంకటికి ఎత్తిన బస్తాకు ఎత్తినంత. సీజన్‌లో పొద్దుగూకేసరికి తొమ్మిది వందలకు తగ్గకుండా జేబులో పడతాయి. మనసైతే వస్తాడు, లేకపోతే లేదు. ఏసుదాసుకు నెలకు ఆరు వేలు, పంటకో బస్తా వడ్లు, క్రిస్మస్‌కు బట్టలు, జూన్ మొదట్లో మిరుగానికి చెప్పుల జత. మనసు లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని వచ్చిన మగ్దలేనమ్మ రోడ్డు పక్కనే ఆగిపోయింది. మొగుడి వెనక పసుపుపచ్చని చాళ్లలో ఒకటి ఎర్రగా ఉంది.

"ఓ అయ్యా! ఆగు! ఆడ్నే ఆగు!"

ఏసుదాసు వెనక్కి తిరిగి చూశాడు. "ఎవ్వడో గుట్క ఊసిండు," అన్నాడు.

"గుట్క గాదు. నీ నెత్తురు."

ఆమె కూర్చోబెట్టి పాదం తిప్పి చూసింది. బొటనవేలి కింద బీరుసీసా పెంకు సగం దాకా దిగి ఉంది. ఏసుదాసు దాన్ని ఇంకొకరి కాలిలోంచి తీసినట్టు నెమ్మదిగా పీకి పక్కన పెట్టాడు.

"నొస్తలేదా?"

"లే."

"జరంత గూడ?"

"లేదంటి గదనే."

అంతలో దొర కారు వచ్చి ఆగింది. విద్యాసాగర్‌రావు చెడ్డమనిషి అని ఆ ఊళ్లో ఎవరూ అనరు. చావుకు వస్తాడు, పెళ్లికి చదివిస్తాడు. ముందు వడ్ల వైపు చూశాడు, తర్వాత పాదం వైపు.

"అరే ఏసూ, నెత్తురంటిన వడ్లు పక్కకు తియ్యిరా. మిషన్ల తేమ ఎక్కువ చూపిస్తది." జేబులోంచి ఐదు వందల నోటు తీశాడు. "దవఖానకు పోయి కట్టు కట్టించుకో. మిరుగం దగ్గరికొచ్చె. నారుమడికి నువ్వే దిగాలె. నువ్వు దిగకుంటె నారు మంచిగ రాదని మీ దొరసానికి నమ్మకం."

సుల్తానాబాద్ దవఖానాలో డాక్టరమ్మ చిన్నపిల్ల. ఏసుదాసును మంచం మీద పడుకోబెట్టి, "కండ్లు మూసుకో పెద్దాయనా. నేను గుచ్చినప్పుడల్లా చెప్పు," అంది. ఏసుదాసు కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. ఎంతసేపటికీ ఆమె మొదలుపెట్టలేదు.

"గుచ్చున్రి అమ్మా," అన్నాడు.

"అయిపోయింది," అంది డాక్టరమ్మ.

సరే, ఆ నాగుబాము సంగతి ఇక్కడితో వదిలేద్దాం. కోరలు ఊడలేదు, కాటు వేయలేదు, అసలు పామే లేదు. తుమ్మముల్లు కూడా విరగలేదు; లోపలే ఉండి, చీము పట్టి, దానంతట అదే బయటికి వచ్చింది. ఊరంతా మెచ్చుకున్న పాదాలను ఎన్నేళ్ల నుంచో షుగర్ లోపల్లోపలే తినేస్తోంది.

"బురదల దిగొద్దు. ఒట్టికాళ్లతోని అడుగు వెయ్యొద్దు," డాక్టరమ్మ మగ్దలేనమ్మకు చెప్పింది. "మెత్తటి చెప్పులు ఎప్పుడూ కాళ్లకే ఉండాలె. ఇంట్ల గూడ. ఈ వానాకాలం నాట్లల్ల దిగిండంటే ముందు వేలు తీస్తం. తర్వాత కాలు."

మగ్దలేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏసుదాసు ఆదిలాబాద్‌లో చలి ఎక్కువగా ఉందని రేడియోలో విన్నట్టు విన్నాడు.

చెప్పులకు ఆ ఇంట్లో కొదవ లేదు. చిత్రమేమిటంటే, ఉన్నవన్నీ కొత్తవే. రేకుల ఇంటి దూలానికి జతలు జతలుగా వేలాడుతున్నాయి, తోలు ఎండి, వంకర తిరిగి. ప్రతి మిరుగం నాడు, అంటే మృగశిర కార్తెతో వ్యవసాయపు ఏడాది మొదలయ్యే రోజున, దొర ఇంటి గడప మీద కొత్త చెప్పుల జత పెడతారు. ఏసుదాసు ఆ జతలో కాళ్లు పెట్టి, కొట్టం దాకా నడిచి, అక్కడ కూర్చుని దొరసాని వడ్డించిన చేపలకూర తింటాడు. అంతటితో ఇంకో ఏడాదికి ఒప్పుకున్నట్టే. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ తర్వాత ఆ చెప్పులతో పనిలేదు. దొర వాకిట్లో వేసుకోకూడదు, పొలంలో వేసుకోలేడు. అందుకే దూలానికి ఎక్కుతాయి. ఏసుదాసు తండ్రి జతలు కొన్ని ఇంకా అటకమీద ఉన్నాయి.

చట్టం ఆ ఊరికి రాలేదంటే అబద్ధమే. వచ్చింది, ఒకసారి కాదు. నిజాం జమానాలో వెట్టి వద్దని ఫర్మానా వచ్చింది. ఊరూరా చాటింపు వేయమన్నారు. డప్పు కొట్టి చాటింది ఏసుదాసు తాత. "ఇగ నుంచి ఎవ్వలూ పైస లేకుండ పని చెయ్యొద్దహో," అని మూడు వాడలూ తిరిగి చాటినందుకు ఆయనకు పైసా ఇవ్వలేదు. చాటింపు కూడా వెట్టిలోదే. డప్పు గోడకు తగిలించి దొర కొట్టంలో పేడ ఎత్తడానికి పోయాడు. ఆనాటి నుంచి వెట్టివాడనే మాట పోయి భగేలా అన్నారు, అప్పు కింద ఉన్నవాడని. ఆ భగేలాకూ గడువు ఉండాలని మళ్లీ చట్టం వచ్చింది. పేరు జీతగాడుగా మారింది. ఎమర్జెన్సీ కాలంలో అప్పులన్నీ రద్దు, కట్టుబానిసలంతా విడుదల అని ఢిల్లీ నుంచే చట్టం దిగింది. జీతగాడు పోయి, 'మా ఇంటి మనిషి' వచ్చాడు. తాత చేసిన అప్పు ఎంతో ఇప్పుడు దొరకూ తెలియదు, ఏసుదాసుకూ తెలియదు. అడగడం మర్యాద కాదు.

ఈ చివరి చట్టం సంగతి ఇంటికి తెచ్చింది కూతురు హెప్సిబా. పెద్దపల్లి కోర్టు ఎదురుగా జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తుంది. వకీళ్లు టీ తాగుతూ మాట్లాడుకునేవన్నీ ఆమె చెవిన పడతాయి. కాలికి కట్టు కట్టారని తెలిసి ఆదివారం వచ్చింది.

"బాపూ, గీసారి పోకు."

"పోకుంటె ఇల్లు?"

అదీ ప్రశ్న. రేకుల ఇల్లు నిలబడింది దొర జాగాలో. కట్టింది తాత, రేకులు వేసింది తండ్రి, బాత్రూం కట్టుకున్నది ఏసుదాసు. జాగా మాత్రం దొరది.

"గట్ల ఇడిసిపెట్టినోన్ని ఇంట్లకెంచి ఎల్లగొట్టొద్దని గా చట్టంలనే ఉన్నదట. వకీలు సారు చెప్పిండు."

"ఎప్పటి చట్టం బిడ్డా?"

"యాబై ఏండ్లాయె."

ఏసుదాసు దూలం వైపు చూశాడు. "యాబై ఏండ్ల సంది యాడున్నది మరి?"

పొయ్యి దగ్గర నుంచి మగ్దలేనమ్మ అందుకుంది.

"మొన్న గుడిల పాస్టరు తిమోతి అయ్యగారు చెప్పలే? ఎనకటి కాలంల గూడ దాసున్ని ఏడో ఏట ఇడిసిపెట్టాలెనట. పోను, నా దొరనే నాకు మంచిగున్నడు అన్నోన్ని దర్వాజ కాడికి తోల్కపోయి, చెవుకు కదురుతోని తూటు పొడుస్తరట. ఇగ సచ్చిందాక ఆడ్నే."

ఏసుదాసు చెవి తడుముకున్నాడు.

"చెవుకైతె తెలుస్తది," అన్నాడు. "కాలుకే తెలుస్తలేదు."

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను నవ్వాడో లేదో వాళ్లకు తెలియలేదు. మర్నాడు మగ్దలేనమ్మ అంగడికి పోయి నూట అరవైకి మెత్తటి రబ్బరు చెప్పులు తెచ్చింది. అవి జారిపోయినా అతనికి తెలియదని మడమ వెనక గుడ్డపేలిక కట్టి ముడి వేసింది.

మిరుగం వచ్చింది. పొద్దున్నే ఊరంతా చేపల వాసన. కొర్రమట్ట కిలో ఐదు వందలు దాటినా దొర ఇంట్లో మిరుగానికి కొర్రమట్టే వండాలి. మనోరమ దొరసాని కొట్టం ముందు విస్తరాకు వేయించింది. గడప మీద కరీంనగర్ నుంచి తెచ్చిన తోలు చెప్పుల జత, నూనె రాసి, మెరుస్తూ ఉంది. విద్యాసాగర్‌రావు వాలుకుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు.

ఏసుదాసు వాకిట్లోకి వచ్చాడు. వచ్చి గడప ముందు నిలబడ్డాడు. దొర తల ఎత్తి, కిందికి చూసి, కనుబొమలు ముడిచాడు. ఆ వాకిట్లో ఏసుదాసు కాళ్లకు మిరుగం జత తప్ప వేరే చెప్పులు ఉండగా ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఏందిరా, మర్చిపోయినవా? ఇడువు."

ఏసుదాసు తన పాదాల వైపు చూసుకున్నాడు. చూస్తే తప్ప అవి కాళ్లకు ఉన్నాయో లేదో అతనికి తెలియదు. ఉన్నాయి.

"ఇడువద్దన్నది దొరా, డాక్టరమ్మ."

"మంచిదే గదా. అవి ఇడిసి ఇవి తొడుక్కో. రెండొందల చెప్పులు గావురా, పదిహేనొందలయి."

మనోరమ గరిటె పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. "కట్టు మీద ఎక్కుతదో లేదో. నెమ్మదిగ పెట్టు ఏసూ," అంది. ఆమె గొంతులో నిజంగానే జాలి ఉంది.

ఇంటి దగ్గర హెప్సిబా చెప్పి పంపిన మాటలు చాలా ఉన్నాయి. చట్టం, కలెక్టర్, విడుదల. దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. గడప ముందుకు వచ్చేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. లోపల భయం కోసం వెతికాడు, కోపం కోసం వెతికాడు. డాక్టరమ్మ సూది కోసం కళ్లు మూసుకుని ఎదురుచూసినట్టే ఉంది. ఏమీ తగల్లేదు.

"తొడుక్కోను దొరా."

"ఎందుకట?"

"తొడుక్కున్నా నాకు తెలుస్తలేదు."

విద్యాసాగర్‌రావు ఫోన్ బోర్లా పెట్టాడు. "నీకు నెలకు ఎంత పెంచాలెనో చెప్పు. గిట్ల తిప్పి తిప్పి ఎందుకు?"

"పెంచుడు గాదు."

"మరి? నారుమడికి ఎవడు దిగుతడు?"

"బీహారోల్లు వస్తున్నరు గదా. మంచిగనే చేస్తరు."

"వాళ్లు మా ఇంటి మనుషులారా?" దొర గొంతు మొదటిసారి పెరిగింది. "నువ్వు మా ఇంటి మనిషివి. నీ ఇల్లు ఎవ్వని జాగల ఉన్నదో యాదికున్నదా?"

"యాదికున్నది. ఎల్లగొట్టొద్దని చట్టమున్నదట. బిడ్డ చెప్పింది."

"చట్టమా? ఏం చట్టంరా?"

"నాకు మంచిగ తెల్వది దొరా. యాబై ఏండ్ల కిందిదట. మా ఇంటికి మొన్ననే వచ్చింది."

దొర నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "సరే. గా బాకీ సంగతి..." అని మొదలుపెట్టి, బాకీ ఎంతో గుర్తు రాక నోరు మూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "పొద్దుగూకే వరకు చూస్త," అన్నాడు. "గా తర్వాత నన్ననొద్దు."

ఏసుదాసు చేతులు జోడించాడు, అలవాటు కొద్దీ. జోడించినవాటిని ఏం చేయాలో తెలియక కిందికి దించాడు. తిరిగి నడిచాడు. జారిపోకుండా పాదాలు నేలకు ఆనించి ఈడుస్తూ నడిచాడు. పొద్దున్నే ఊడ్చి చల్లిన వాకిట్లో, గడప నుంచి గేటు దాకా రెండు చాళ్లు పడ్డాయి. గేటు దగ్గర వెనక్కి చూడలేదు. ఇల్లు ఉంటుందో ఊడుతుందో ఆలోచించాడా అంటే, అదీ లేదు. చెప్పులు కాళ్లకు ఉన్నాయా లేవా అని కిందికి చూసుకుంటూ పోయాడు.

సరిగ్గా అప్పుడే తొలకరి చినుకు టపటపమని కురిసింది. మట్టివాసన లేచింది. ఆ రెండు చాళ్లలో నీళ్లు నిలిచాయి.

లేదు. వాన పడలేదు. మిరుగం కదా, ఒక్క చినుకైనా పడితే బాగుండునని నేనే కలిపాను. పాములాగే అదీ నా సొత్తు. ఆ రోజు ఎండ మండిపోయింది. విస్తరాకులో చేపముక్క మీద ఈగలు వాలాయి. గడప మీది చెప్పులు పొద్దుగూకేదాకా ఎండలోనే ఉన్నాయి. వాకిట్లో వస్తువు ఏదైనా ఎండలో ఉంటే తీసి లోపల పెట్టే పని ఆ ఇంట్లో ఏసుదాసుది.