వేరు దిగితే

గౌరవ్వ మూడో పసుపుమొక్కను కూడా కొడవలి మొనతో పెకిలించింది. మొదటి రెండింటి వేర్లు బెత్తెడు లోతు పోయి, బండను తాకినట్టు పక్కకు తిరిగి, లావెక్కి కురచబారాయి. అచ్చం తనలాగే! ఈ మూడోది మాత్రం ఏ వానపాము బొక్కలోనో దూరి, సన్నగా తెల్లగా జానెడు దాటి దిగింది.

నిరుడు వరికోత మిషను తడినేలలో తిరిగాక, సారంగాపూర్ పక్కనున్న ఆ అరెకరం పైకి మెత్తగానే కనిపిస్తూ అడుగున రాయైపోయింది. ఆమె మొగుడు ఆనందం పన్నెండేళ్లు మస్కట్‌లో రోడ్డు రోలరు నడిపాడు. అక్కడ నేలను గట్టిచేస్తే జీతం. ఇక్కడ నేల గట్టిపడితే పోయేది జీవితం. మళ్లీ వీసా వచ్చింది. ఈ సాయంత్రమే కోరుట్లలో బస్సెక్కాలి. "వేర్లు దిగితే ఆగుత" అని మాత్రం మాటిచ్చాడు.

వారం కింద చేను చూసిన వ్యవసాయాధికారి "వేరు పక్కకు పోతున్నదమ్మా" అంటే, గౌరవ్వ ఉలిక్కిపడి, "వేరు పోయింది మా మరిది సారూ, మేం కలిసే ఉన్నం" అంది. వేరు పోవడమంటే ఆమెకు తెలిసింది వేరు కాపురమే.

మొదటి రెండు మొక్కలను కొంగు కింద దాచి, మూడోదాన్ని పట్టుకుని గట్టు మీదున్న ఆనందం దగ్గరికి నడిచింది.

"ఇగో సూడు, ఎంత కిందికి దిగిందో!"

అతడు వేరుకంటిన మట్టిని మెల్లగా ఊదాడు. "బంగారమసొంటి వేరు. కొంగుల ఏందే?"

"ఏం లేదు."

"ఏం లేందానికి ఆకులెట్ల మొలిచినయే?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు, మొక్కలు రాలాయి.

"నేను వేరు పోతలేనే గౌరీ. పనికి పోతున్న."

"ఏదైనా పోవుడే గద."

ఆనందం గడ్డపార తీసుకుని, వేరుకు సందు దొరికితే చాలన్నట్టు, సాళ్ల మధ్య మూరకో పోటు పొడుస్తూ పోయాడు. ఆమె వెనకే వంగి ఒక్కో బొక్కలో మాగిన ఎరువు నింపింది. అతడు మడిని గుల్ల చేస్తున్నాడు. మడి అతణ్ని ఎప్పుడో గుల్ల చేసింది.

పన్నెండో సాలు సగంలో ఉండగా రోడ్డు మీద ఆటో హారన్ మోగింది. బోరు దగ్గర కాళ్లు కడుక్కుని, కొత్త అంగీ తొడుక్కున్నాడు.

"మిగిలింది నువ్వు పొడువు. గడ్డపార బరువుంటది, పైలం."

"నువ్వు పోవుడుకంటెనా?" అంది గౌరవ్వ.

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, వెనక్కి వచ్చింది. బోరు స్టార్టరు డబ్బా మీద అతడు విడిచిన పాత అంగీ ఉంది. వీపు మీది చెమట ఇంకా ఆరలేదు.