పదో వాడితోనే కుస్తీ

లావణ్యకు కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. ఆ శుక్రవారం సాయంత్రం మలక్‌పేట ఆఫీసు నుంచి హుస్సేనీ ఆలంలోని ఇంటికి చేరేసరికి ఆ ముక్కు పండుమిరపకాయలా ఉంది. గేదెలకు కుడితి పెడుతున్న వాళ్లమ్మ ఒక్కసారి చూసి, ఇప్పుడు కదిలిస్తే తనకే తిట్లని మెల్లగా పక్కకు తప్పుకుంది.

కోపం ఎవరి మీదా కాదు, తన మీదే. మూడు నెలల ట్రయల్ అని ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే యజమాని జగదీశ్వర్ ఆమెకు ఒక పని అప్పజెప్పాడు. ఒక రక్తదాతల సంఘానికి ఫోన్‌లో నడిచే ప్రోగ్రాం రాయాలి. ఎక్కడైనా రక్తం కావాలంటే, ఆ గ్రూపు దాతల్లో ఆసుపత్రికి దగ్గరగా ఉన్న పదిమందిని చూపించాలి. ఆసుపత్రుల లోపల నెట్ సరిగా అందదు కాబట్టి దాతల పట్టిక మొత్తం ఫోన్‌లోనే ఉండాలి. లావణ్య రాసింది. ఆఫీసులో ఉన్న కొత్త ఫోన్‌లో అది గుర్రంలా పరుగెత్తింది. ఆ మురిపెం కాస్తా ఆ మధ్యాహ్నమే ఆవిరైపోయింది.

ఆవిరి చేసింది రుక్మాబాయి. సంఘాన్ని నడిపేది ఆవిడే. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, మొహమాటం అంటే ఏమిటో తెలియదు. ఆవిడ ఫోన్ కొని ఏడేళ్లయింది. సంఘంలో మిగతావాళ్లవీ అలాంటి డొక్కు ఫోన్లే. ఆ ఫోన్‌లో బటన్ నొక్కితే తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, అరనిమిషం తిరిగి తెర నల్లబడిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే కథ.

"చూడు బేటా," అంది రుక్మాబాయి ఫోన్ సంచిలో పడేసుకుంటూ, "నీ చక్రం ఆగేదాంక పేషెంటు ఆగడు. దీనికంటే నా నోటుబుక్కే నయం."

ఆవిడ మెట్లు దిగిపోయాక జగదీశ్వర్ తల పట్టుకున్నాడు. "రేపు పదకొండింటికి మళ్ల వస్తదట, ఒక్క ఛాన్స్ ఇచ్చింది. ఆమె ఫోన్ల నడవాలె లావణ్యా. నడవకపోతే ప్రాజెక్ట్ పోతది. అది పోయినంక నిన్ను కన్ఫర్మ్ చేస్తా అని నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. మంచివాడే పాపం, గొంతు కూడా పెంచలేదు. అందుకే అది మరింత గట్టిగా తగిలింది.

వీధి చివర వాళ్ల తాత బాలనర్సింహ కుస్తీలు నేర్పే తాలీం ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చినా ఆ చుట్టుపక్కల ఆయనను అందరూ పహిల్వాన్ అనే పిలుస్తారు. రోజూ సాయంత్రం కుర్రాళ్లు వచ్చే ముందు కుస్తీ పట్టే అఖాడాలో ఎర్రమట్టిని ఆయనే పారతో తిరగేస్తాడు. లావణ్య పాల గ్లాసు తీసుకెళ్లి గట్టు మీద ఠపీమని పెట్టింది. సగం పాలు ఒలికిపోయాయి.

"ఏందే, పాలేం పాపం చేసినయ్?" అన్నాడు తాత.

"నా ప్రోగ్రాం నడుస్తలేదు తాతా. రేపు పదకొండింటికి నడవకపోతే నౌకరి పోతది."

"ఏం జేస్తది నీ ప్రోగ్రాం?"

ఆమె చెప్పింది. ఓ పాజిటివ్ దాతలే అరవై వేల మంది. ఆ అరవై వేల మందినీ దగ్గరవాడి నుంచి దూరపువాడి దాకా వరుసలో నిలబెట్టి, మొదటి పదిమందిని చూపించాలి. ఆ వరుస పెట్టేసరికే ముసలి ఫోన్‌కు ప్రాణం పోతోంది.

తాత పార ఆపాడు. "నీకు పది మందే గావాలె గదా?"

"అవ్."

"మరి మిగిలినోళ్లల్ల ఎవడు ముంగట ఉంటె ఏంది, ఎవడు ఎన్క ఉంటె ఏంది? గంత మందిని లైన్ల ఎందుకు నిలబెడ్తున్నవే? తిక్క లేసిందా?"

లావణ్య గట్టు మీద చతికిలబడింది. కాలేజీలో చేరిన నాటి నుంచీ ఆమెకు ఒకటే అలవాటు. ఏం కావాలన్నా ముందు పట్టికనంతా సార్ట్ చేసెయ్. ఒక్క మాట రాస్తే అయిపోతుంది, ఆ మాట వెనకాల మెషీన్ ఎంత చాకిరీ చేస్తుందో ఎవరు చూడొచ్చారు? కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, ఆమె మూడు నెలలుగా చేస్తున్నది అచ్చంగా అదే.

తాత గట్టు మీద కూర్చుని మిగిలిన పాలు తాగాడు. "మా వస్తాదు ఉన్నప్పుడు దసరా దంగల్ పోటీలకు పది మందిని తోలుకపోతుండె. గా పదిల ఉండాలని మూడు నాలుగు వందల మంది వస్తుండ్రి. అందరికి అందరితోని కుస్తీ పెడ్తె దసరా పోయి సంక్రాంతి వస్తది. అందుకని ఏం జేస్తుండె ఎర్కేనా? ముందుగాల వచ్చిన పది మందిని లోపల కూసోబెడ్తుండె. గా పదిట్ల అందరికంటె కమ్జోర్ ఎవడో చూసి, గాన్ని గుమ్మంల నిలబెడ్తుండె. కొత్తగ వచ్చినోడు గుమ్మంల ఉన్నోనితోనే పట్టాలె. ఓడిండా, సీదా ఇంటికి. గెలిచిండా, వీడు లోపలికి, వాడు బయటికి. మళ్ల పదిట్ల కమ్జోర్ ఎవడో చూసి గాన్ని గుమ్మంలకు. తాడిని తన్నేటోడు ఉంటె వాని తలదన్నేటోడు వస్తనే ఉంటడు. ఆఖరికి లోపల మిగిలినోళ్లే అసలు పది మంది."

లావణ్య ముక్కు ఎరుపు తగ్గింది. కళ్లు పెద్దవయ్యాయి. "మరి గా తరీక ఎందుకు బంద్ చేసిన్రు?"

"గుమ్మంల ఉన్నోడు అలిసిపోతుండె గదనే! నలభై మందిని పడగొట్టినంక, నలభై ఒకటోడు చీపురుపుల్ల అసొంటోడైనా వీన్ని ఎల్లకిల పడేస్తడు. ఒక ఏడు పెద్ద లొల్లి అయింది, రెండు తలకాయలు పగిలినయ్. గా దినమే బంద్."

"తాతా," అంది లావణ్య, లేచి నిలబడి, "అంకెలకు ఆయాసం రాదు!"

ఆ మాట అంటూనే ఇంటి వైపు పరుగు తీసింది. వెనక నుంచి తాత ఏదో కేకేశాడు, వినిపించుకోలేదు. పొద్దు గుంకకముందే లాప్‌టాప్ ముందు కూర్చుని పాత వరుసను చెరిపేసింది. పది గళ్లు పెట్టుకుంది. వచ్చిన ప్రతి దాతనూ ఆ పదిమందిలో అందరికంటే దూరంగా ఉన్నవాడితో మాత్రమే పోల్చాలి. వాడికంటే దగ్గరైతే లోపలికి, కాకపోతే వదిలెయ్. అరవై వేలల్లో ఎక్కువమంది గుమ్మంలోనే ఓడి వెనక్కి పోతారు, వాళ్లలో వాళ్లకు వరుస పెట్టే బెడదే లేదు. చివర్లో ఆ పదిమందిని మాత్రం దగ్గరి నుంచి దూరానికి సర్దితే సరి. పాతిక లైన్లయింది.

తెల్లారి స్నానం చేసొచ్చి, తాను రాసినదానిలో తప్పులేమైనా ఉన్నాయేమోనని ఆ ప్రోగ్రాం భాష పుస్తకం తిరగేసింది. అక్కడ నిక్షేపంగా కనబడింది. పట్టికలో మొదటి కొన్నింటిని మాత్రమే వరుసలో పెట్టి, మిగతావాటి వరుసను పట్టించుకోకుండా వదిలేసే పని ఆ భాషలో ముందే రాసి ఉంది. ఏళ్ల తరబడి ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి! తన పాతిక లైన్లు తీసేసి ఆ ఒక్క లైనే పెట్టింది. కాస్త ఉసూరుమనిపించిన మాట నిజమే గానీ, నలుగురూ వాడి అరగదీసిన పనిముట్టు తన కొత్తదానికంటే నమ్మకమైనదని ఆమెకు తెలుసు. బయల్దేరేటప్పుడు తాతకు ఆ సంగతి చెప్పింది.

"మా వస్తాదు తరీక ఆళ్లకు ఎవడు చెప్పిండు?" అని ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

పదకొండింటికి రుక్మాబాయి వచ్చింది. సంఘంలోని మిగతా పదకొండు మందీ కింద హోటల్లో చాయ్ తాగుతున్నారు, తీర్పు ఏదైతే అది వినిపోదామని. లావణ్య ఆవిడ ఫోన్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి చేతికిచ్చింది. ఆవిడ బటన్ నొక్కబోతుండగా అదే ఫోన్ మోగింది.

అవతల రవీందర్ అనే ఆయన. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ఆసుపత్రి నుంచి. కూతురికి ఎనిమిదేళ్లు, డెంగీ, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఓ పాజిటివ్ మనిషిని గంటలోపు తీసుకురమ్మంటున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన ఏడ్చేశాడు.

రుక్మాబాయి చెయ్యి వెంటనే సంచిలోని నోటుబుక్కు మీదికి పోయింది.

"అమ్మా, ఒక్కసారి నొక్కున్రి," అంది లావణ్య.

"పిల్ల పానం మీద నీ పరీక్షలా?"

"మూడంటే మూడు సెకన్లు. రాకపోతే నోటుబుక్కు తీయిన్రి, నేనే పేజీలు తిప్పుతా."

జగదీశ్వర్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. రుక్మాబాయి ఆసుపత్రి పేరు ఎంచి, గ్రూపు ఎంచి, బటన్ నొక్కి, చదవడానికి కళ్లజోడు కోసం చెయ్యి చాచింది. కళ్లజోడు పెట్టుకునేలోపే పదిమంది పేర్లూ తెర మీద ఉన్నాయి.

"అరే!" అంది ఆవిడ. వెంటనే మొదటి నంబరు కొట్టింది. ఎత్తలేదు. రెండోవాడు పెళ్లికని నల్గొండలో ఉన్నాడు. మూడోవాడు రామ్‌చందర్, అక్కడి ఫ్లైఓవర్ కింద బండ్లు రిపేరు చేస్తాడు.

"గా దవాఖాన మా దుకాణం ముంగటనే అమ్మా," అన్నాడు. "చేతులు కడుక్కొని వస్తున్నా. ఫికర్ చెయ్యకున్రి."

ముప్పావు గంట ముగ్గురిలో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ మోగింది. రవీందరే. ఈసారీ ఏడుస్తున్నాడు గానీ, ఆ ఏడుపు వేరు. "వచ్చిండు మేడం! అన్ని పరీక్షలు చూసి లోపలికి తీస్కపోయిన్రు. పిల్లకు ఎక్కిస్తరంట!"

లావణ్య బల్ల మీద గుద్దింది. గెలిచానని అరవాలనుంది, ఏడవాలనుంది, రెండూ కలిసి ముక్కులోంచి ఏదో వింత చప్పుడొచ్చింది. రుక్మాబాయి ఆమె భుజం మీద చరిచిన చరుపు తాలీంలో ఎవరూ చరిచి ఉండరు.

"కింద మావోళ్లు పదకొండు మంది ఉన్నరు. అందరివి ఇసొంటి ఫోన్లే," అంది ఆవిడ. "ఇప్పుడే పిలుస్తా, అన్నిట్ల ఎక్కియ్యి."

"సూపర్, లావణ్యా," అన్నాడు జగదీశ్వర్ చెమట తుడుచుకుంటూ. "మండే నీ కన్ఫర్మేషన్ లెటర్ టైప్ చేపిస్తా."

"సోమవారం దాంక ఎందుకు సర్? ఇప్పుడే చేయిన్రి," అంది లావణ్య. "ఈ పదకొండు ఫోన్లు నేను పర్మనెంట్ అయినంకనే ముట్టుకుంటా."

రుక్మాబాయి పకపకా నవ్వింది. జగదీశ్వర్ తానే కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు. అంత మాటా అంది గానీ, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే లావణ్య ఆగలేకపోయింది, ఎదురెళ్లి మొదటి ఫోన్ లాక్కుంది. ఉత్తరం ప్రింటర్లోంచి బయటికొచ్చేసరికి ఆమె నాలుగో ఫోన్ మీద ఉంది.