వంటింట్లోంచి వెళ్ళే పటాలం

ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ వస్తోందంటే వసుమతి ముందురోజే వంటింట్లో కార్పెట్ ముక్క చుట్టి గరాజ్‌లో పెట్టేస్తుంది. పోపుల డబ్బా, రైస్ కుక్కర్ పై అరలోకి ఎక్కిస్తుంది. డైనింగ్ టేబుల్‌ని గోడవారకి జరపడం ఆమె భర్త కృష్ణమోహన్ పని. విల్మింగ్టన్ బయట ఆ కాలనీలో ఆ రోజు ప్రతి ఇంట్లోనూ ఇదే హడావిడి. కాలనీ అసోసియేషన్ వాళ్ళు సర్క్యులర్ కూడా పంపిస్తారు. మధ్యాహ్నం రెండింటికి ముందూ వెనకా తలుపులు తెరిచి ఉంచగలరు, కుక్కల్ని కట్టేయగలరు అని. చెత్తబండి వచ్చే రోజు గురించి రాసినట్టే ఉంటుంది ఆ రాత.

సంగతేమిటంటే ఆ కాలనీ కట్టింది అంతర్యుద్ధం నాటి యుద్ధభూమి మీద. 1865లో ఉత్తరాది సైన్యంలోని నల్లవాళ్ళ పటాలం ఒకటి, గుట్ట మీదున్న దక్షిణాది ఫిరంగుల మీదికి కాలినడకన దూసుకెళ్ళింది. ఏటా అదే రోజు అదే వేళకి మళ్ళీ వెళ్తుంది. పైన్ చెట్లలోంచి వచ్చి, ఇళ్ళ పెరటి తలుపుల్లోంచి దూరి, వీధి తలుపుల్లోంచి బయటపడి గుట్ట వైపు పరిగెడతారు. ఫిరంగులు పేలతాయి. పచ్చిక మీద ముప్పై రెండు మంది పడిపోతారు. వాళ్ళని పంపిన తెల్ల అధికారి మాత్రం చెట్ల దగ్గరే గుర్రం మీద కూర్చుని కత్తి ఊపుతుంటాడు. పావుగంటలో అందరూ మాయమవుతారు. తొక్కిన గడ్డి మిగులుతుంది.

1978లో మొదటిసారి చూసినప్పుడు వసుమతి ఏడ్చింది. మరుసటి ఏడు నుంచి ఏడుపు పోయి కోపం పట్టుకుంది. చాటుకి ఒక్క చెట్టయినా లేని చోట, ఎదురుగా ఫిరంగులు కనిపిస్తుండగా, మనుషుల్ని తోలడానికి ఆ గుర్రం మీదివాడికి మనసెలా ఒప్పింది? వాడి సంగతి సరే, గుట్ట మీది గోల్ఫ్ క్లబ్బు వరండాలో కూల్ డ్రింకులు తాగుతూ, ఫిరంగి పేలినప్పుడల్లా చప్పట్లు కొట్టే ఈ జనానికేం రోగం? ఫిరంగులు పేల్చినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించారు. పడిపోయినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మూడో ఏడు ఆమె తలుపులకి తాళాలు వేసింది. అద్దాలు పగిలాయి, వాళ్ళు వెళ్ళారు, పడిపోయారు. చీపురు పట్టుకుని చెట్ల దాకా వెళ్ళి ఆ అధికారిని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కడిగేసింది. వాడికి వినపడితేగా.

"మనకెందుకు వసూ. వాళ్ళ హిస్టరీ వాళ్ళది. ఊళ్ళో పేరు పాడుచేసుకోవద్దు" అన్నాడు కృష్ణమోహన్, పగిలిన అద్దం ఏరుతూ.

"వాళ్ళు చావడానికి మన వంటింట్లోంచి వెళ్తున్నారండీ. మనకెందుకంటే ఎలా?"

ఏటా ఆ రోజున యూనిస్ అనే ముసలావిడ కూడా వచ్చేది. స్కూల్లో వంట చేసి రిటైరైన నల్లావిడ. వసుమతి ఇంటి ముందు మెయిల్‌బాక్స్ పక్కన నిలబడేది. వాళ్ళ తాత ఏమోస్, బావులు తవ్వేవాడట. వసుమతి వీధి గుమ్మంలోంచి అందరికంటే చివర బయటికొచ్చే పొడుగాటి మనిషి ఆయనే. పదకొండు అడుగులు వేసి సరిగ్గా మెయిల్‌బాక్స్ దగ్గర పడిపోతాడు.

"మా నాన్న ఆ తర్వాత నాలుగు నెలలకి పుట్టాడు" అని చెప్పింది ఒకసారి, వసుమతి తెచ్చి వేసిన కుర్చీలో కూర్చుని. "ఆరేళ్ళకే పొలం పనికి పెట్టారు. ఆయన్ని ఎవరూ ఎత్తుకోలేదమ్మా. పిల్లల్ని ఎత్తుకోవడం ఆయనకి తెలీనే తెలీదు. మమ్మల్ని బెల్టుతోనే పెంచాడు. ఆ ఒక్క తూటా ఇంకా మా ఇంట్లో తిరుగుతూనే ఉంది."

1982లో అసోసియేషన్ సెక్రటరీ ఇంటికొచ్చి, వచ్చే ఏటి నుంచి బయటివాళ్ళు ఎవరి లాన్‌లోనూ నిలబడడానికి వీల్లేదని చెప్పాడు. క్లబ్బు వరండాకి వచ్చే బయటివాళ్ళ మాటేమిటని వసుమతి అడిగితే, వాళ్ళు గెస్టులన్నాడు. అంటే యూనిస్‌కి ఇదే ఆఖరుసారి. ఇరవయ్యో తేదీన ఆమె మంచి కోటు వేసుకుని, పర్సు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆమెని చూసి వసుమతికి ఒళ్ళు మండిపోయింది.

రెండయింది. పెరటి తలుపులోంచి నీలం కోట్లు దూసుకొచ్చాయి. చెమట వాసన, బూట్ల చప్పుడు, కొందరికి ఆ బూట్లూ లేవు. ఒక్కొక్కళ్ళూ స్టవ్ పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. చివర ఏమోస్ వచ్చాడు. వీధి గడప మీద కాలు పెట్టాడు. పట్టలేని కోపంలో వసుమతికి నోరు జారింది.

"ఎక్కడికయ్యా వెళ్తున్నావు?"

అనేసి నాలుక్కరుచుకుంది. బయల్దేరినవాళ్ళని గడప దగ్గర ఎక్కడికని అడగకూడదు. ఏలూరులో ఆమె పుట్టింట్లో దీనికి మినహాయింపు లేదు. అడిగారో, వెళ్ళే పని చెడుతుంది. అడిగించుకున్నవాళ్ళు వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళాలి. చిన్నప్పుడు నాన్ననోసారి అడిగి మొట్టికాయ తిన్నాక ముప్పై ఏళ్ళలో ఆమె మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

ఏమోస్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆ పటాలంలో ఒకరు ఆమె మొహంలోకి చూడడం అదే మొదలు. పనిమీద బయల్దేరినవాణ్ణి ఆపితే ఎవరికైనా వచ్చే చిరాకు అతని మొహంలో కనిపించింది. అయినా వెనక్కొచ్చి, తుపాకీ మోకాళ్ళ మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వసుమతి స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చింది. అతను తాగుతుండగా ఫిరంగులు పేలాయి. అల్మరాలో పళ్ళేలు గలగలలాడాయి. అతను లేవబోయాడు.

"కూర్చో" అంది వసుమతి, మళ్ళీ గ్లాసు నింపి. "పూర్తిగా తాగి వెళ్ళాలి. నన్ను విసిగించకు."

ఆమె గొంతు విని కృష్ణమోహన్ కూడా కూర్చున్నాడు. ఏమోస్ రెండో గ్లాసు తాగాడు. ఈలోపు చెట్ల దగ్గర వెనక్కి రమ్మని బూర ఊదారు. గ్లాసు కింద పెట్టి, ఆమెకి తల వంచి, పెరటి తలుపులోంచి మిగిలినవాళ్ళతో కలిసి వెళ్ళిపోయాడు.

వసుమతి వీధిలోకి పరిగెత్తింది. మెయిల్‌బాక్స్ దగ్గర ఎవరూ పడిలేరు. కుర్చీ లేదు. యూనిస్ కూడా లేదు.

"యూనిస్ ఏదండీ?"

"యూనిస్ ఎవరు?" అన్నాడు కృష్ణమోహన్.

లోపలికొచ్చి టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి నంబరు కలిపింది. అవతల ఎవరో నవ్వుతున్నారు, వెనక పిల్లల గోల. వసుమతి ఏమోస్ పేరు చెప్పి, ఆయన మీ తాతగారేనా అని అడిగింది.

"మీకెలా తెలుసు మా తాత?" అంది యూనిస్ సంబరంగా. "నాకు ఏడేళ్ళప్పుడు పోయాడు. అప్పటిదాకా ఆయన ఒళ్ళోనే నా తిండీ నిద్రా. మా నాన్నా ఆయన పోలికే, మమ్మల్ని కింద నడవనిచ్చేవాడు కాదు. ఇంతకీ ఎవరమ్మా మీరు?"

"మీ తాతగారు ఒకసారి మా ఇంట్లో మంచినీళ్ళు తాగారండి" అంది వసుమతి.

అవతల యూనిస్ పిల్లల్ని ఊరుకోమంది.

"చెప్పేవాడు" అంది యూనిస్ నెమ్మదిగా. "యుద్ధంలో ఒకావిడ నీళ్ళిచ్చిందని. దాహంతో కాదుట, ఆవిడ కోపానికి భయపడి రెండో గ్లాసు తాగాడట."

ఫోన్ పెట్టేసి వసుమతి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కిటికీలోంచి చూస్తే పచ్చిక మీద ముప్పై ఒక్కమంది ఇంకా పడే ఉన్నారు. క్లబ్బు వరండాలో చప్పట్లు ఆగలేదు. కోపం మళ్ళీ నెత్తికెక్కింది.

"ఏమండీ, క్యారీ ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ ఫోన్ చేయండి. వచ్చే ఏటికి ఈ వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఒకళ్ళు నిలబడాలి."

"పక్కిళ్ళవాళ్ళు ఒప్పుకోరు వసూ."

"నేను మాట్లాడతాను" అని, చెప్పులేసుకుని పక్కింటికి బయల్దేరింది. ఎక్కడికని కృష్ణమోహన్ అడగలేదు.