వంకర లేని బొంతలు

గోడవారగా నలభై బొంతలు మడతలు పెట్టి, అట్టపెట్టెల్లోకి ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒక్కో బొంతలో ఒక్కో కార్డు పెట్టాలి. ఆ కార్డుల కట్ట మాత్రం వదిన ఒళ్ళోంచి కదలడం లేదు. పై కార్డును ఆవిడ నాలుగోసారి మరిది చేత అర్థం చెప్పించుకుంది.

"ఇది చేతిపని. ఇందులో కనిపించే వంకర కుట్లు, చిన్న పొరపాట్లే దీని అందం. దయచేసి మన్నించండి."

బొంతలు కొంటున్న పరదేశపు కంపెనీ అచ్చువేసి పంపిన కార్డులవి.

"ఏదయ్యా వంకర? ఎక్కడుందో చూపించు," అంది వదిన. "పదకొండు మందిమి ఏడు నెలలు నడుములు పడిపోయేలా కుట్టాం. చెయ్యని తప్పుకి మన్నించమని మేమెందుకు అడగాలి?"

ఎగుమతి కాగితాలన్నీ చూసేది మరిదే. "అక్కడ కొనేవాళ్ళకి అదే ఇష్టం వదినా. కాస్త వంకరుంటేనే చేత్తో చేశారని నమ్ముతారట."

"వంకరగా కుడితే దాన్ని చేతకానితనం అంటారు."

ఆవిడకి ఆ గదిలో 'కొలబద్ద' అని పేరు. అంగుళానికి తొమ్మిది కుట్లు పడాలి. ఎనిమిది పడినా, పది పడినా విప్పించేది. సొంత అత్తగారి కుట్టునే మూడుసార్లు విప్పించి, ఆఖరికి ఆవిణ్ణి దారాలు కత్తిరించే పనికి మార్చింది. అత్తగారు ఆ సంగతి మరిచిపోలేదు.

పదకొండింటికి తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన 'చేతిపని' అని ముద్ర వేస్తే సరుకు మీద అక్కడ పన్ను తక్కువ. వెయ్యకపోతే మిషను సరుకు కింద లెక్క, పన్ను మూడింతలు. అలాగైతే సరుకే వద్దని కంపెనీ ముందే తేల్చి చెప్పింది. ఏడు నెలల కష్టం ఆ ఒక్క ముద్రకి వేలాడుతోంది.

ఆయన ఒక బొంత పరిపించాడు. కళ్ళజోడు సవరించుకుని, స్కేలు ఆనించి లెక్కపెట్టాడు. ఇంకో చోట లెక్కపెట్టాడు. మూతి బిగించాడు.

"ఇది మిషను కుట్టు. మనిషి చెయ్యి ఇంత సమానంగా కుట్టదు."

మరిది ముఖం పాలిపోయింది. వదిన్ని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "రేపు మళ్ళీ రమ్మందాం. ఈలోగా నాలుగు కుట్లు అటూ ఇటూ వేసేస్తే..."

"నోరు ముయ్యి."

"నా కుట్టు చూపించి ఉంటే ఈపాటికి ముద్ర పడిపోయేది," అంది మూలనుంచి అత్తగారు, కత్తెర ఆడిస్తూ. "పనితనం లేదని మూల కూర్చోబెట్టారు మహాతల్లులు!"

గదిలో కిసుక్కుమన్నారు. వదిన నవ్వలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. ఆ బొంత దగ్గరకి వెళ్ళి, వరసకి రెండు వైపులా ముడులు కోసి, దారం కొస పట్టుకుని లాగింది. జానెడు, మూరెడు, ఆ దారమంతా సుళువుగా జారి చేతిలోకి వచ్చేసింది.

"చేతికుట్టుకి ఒకటే దారం సార్, లాగితే వస్తుంది. మిషనుకి పైనొకటి, కిందొకటి, రెండూ మెలేసుకుంటాయి. కావాలంటే మీ చొక్కా అంచు లాగి చూడండి. తెగుతుందే కానీ రాదు."

ఆయన చెయ్యి చొక్కా అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది. "సరే, ఇది చేత్తో కుట్టిందే. మిగతా ముప్పై తొమ్మిదో?"

"మీరే ఏరుకోండి, మీరే లాగండి. కానీ ఊడినంత మేరా ఇక్కడే, మీ ఎదురుగానే మళ్ళీ కుడతాం. అయ్యేదాకా మీరు కదలకూడదు. ఒకటైనా సరే, ముప్పై తొమ్మిదైనా సరే."

ఆయన గుట్ట అడుగునుంచి రెండు తీసి, ముడులు కోయించి లాగాడు. రెండూ ఊడి వచ్చాయి. మూడోదాని జోలికి పోలేదు. "చాలమ్మా. కాగితం ఇటివ్వండి, ముద్ర కొట్టి వెళ్తాను."

"కూర్చోండి సార్," అంది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ. "అనుమానం మీది, ఊడింది మా కుట్టు. అది మళ్ళీ పడేదాకా చూసి వెళ్ళండి."

మూడు బొంతల చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఆయన రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, ఒకసారి మంచినీళ్ళడిగాడు. గంట దాటాక వదిన చివరి ముడి వేసి, ఆయన స్కేలు ఆయన చేతికే ఇచ్చింది.

ఆయన లెక్కపెట్టాడు. తొమ్మిది. ముద్ర కొట్టాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగి, "మళ్ళీసారి కాస్త వంకరగా కుట్టించండి. మాకూ సుళువు, కొనేవాళ్ళకీ ఇష్టం," అన్నాడు.

వదిన కార్డుల కట్ట తీసుకుని కూర్చుంది. అచ్చువేసిన మాటల మీద అడ్డంగా గీత కొట్టి, మరిది చేత ఒక ముక్క వాళ్ళ భాషలో కాగితం మీద రాయించుకుంది. "ఇందులో వంకర లేదు. కనిపిస్తే తిప్పి పంపండి, మళ్ళీ కుట్టి ఇస్తాం."

"కంపెనీవాళ్ళకి కోపం వస్తుంది వదినా!"

"రానీ. కోపం వాళ్ళకొక్కళ్ళకేనా ఉంది?"

ఒక్కో కార్డు వెనకా ఆ మాటలు చూసి చూసి దించింది. అత్తగారు కత్తెర పక్కన పెట్టి, ఒక కార్డు కళ్ళకి దగ్గరగా పట్టుకుంది.

"ఇదైనా కాస్త వంకరగా రాయవే తల్లీ, అచ్చు గుద్దించామనుకుంటారు!"